కొన్న పుస్తకాలు అలమరలోనే ఉండిపోతే

ప్రశ్న: అక్కా, మాది కావలి. నెల్లూరులో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లొస్తాను. చిన్నప్పుడు మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి దారంతో కుట్టి పెట్టేది, అవన్నీ అన్నం తింటూ కూడా చదివేదాన్ని. ఇప్పుడు ఒక్క పుస్తకం పూర్తి చేయలేకపోతున్నా. విజయవాడ పుస్తక మహోత్సవంలో ఏడు కొన్నాను, ఏడూ అలమరలోనే ఉన్నాయి. రైలెక్కగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. రాత్రి చదువుదామని మంచమెక్కితే రెండో పేజీకే నిద్ర. ఆ పుస్తకాలు కనపడితేనే టెన్షన్‌గా ఉంటోంది. నాకిక ఆ అలవాటు రాదా?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వనే అంటాను. అన్నం తింటూ చదివిన పిల్లవి, నీకు కొత్తగా రావాల్సిందేం లేదు తల్లీ. అప్పట్లో నీ చదువుకి ఒక వేళ, ఒక చోటు ఉండేవి. ఉద్యోగంలో పడ్డాక అవి పోయాయి, మళ్లీ వెతుక్కోవాలి, అంతే.

మాది చీరాల వైపు. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది, రోజుకి అర్ధ రూపాయి. రెండు రోజులు దాటితే మా అమ్మ ఊరుకునేది కాదు, అందుకని నవల తెచ్చిన రాత్రే సగం అయిపోయేది, మిగతా సగం మర్నాడు బడి నుంచి రాగానే. తర్వాత జీతం వచ్చి కొనడం మొదలుపెట్టాక చదవడం తగ్గింది. చాలా ఏళ్లు నా బద్ధకమే అనుకున్నాను. కొన్న పుస్తకం ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా చదువుకోవచ్చు అనిపిస్తుంది, ఆ ఎప్పుడైనా అన్నది రానే రాదు. అందుకే ఆ ఏడింటినీ రెండు నెలల పాటు కంటికి కనపడకుండా పెట్టెయ్. జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని ఒకే ఒక్కటి తెచ్చుకో. తిరిగివ్వాల్సిన తేదీ ఒకటి ఉంటుంది కదా, అదే నీ చేత చదివిస్తుంది. అక్కడికెళ్లడానికి మొహమాటం కూడా అక్కర్లేదు, ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం కింద. కడుతున్నామనే తెలియక ఆ మెట్లెక్కని వాళ్లు మన ఊళ్లలో చాలామంది, నాకది నిజంగా బాధ. వేటపాలెం సారస్వత నికేతనం చూశావా? 1918లో మొదలైంది, 1929లో గాంధీగారు వచ్చి శంకుస్థాపన చేశారు, మగ్గాల మధ్య బతికే ఊళ్లో అంత పెద్ద గ్రంథాలయం నిలబెట్టి పాత పత్రికలన్నీ దాచిపెట్టారు. నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లా. వీలు చూసుకుని ఒకసారి వెళ్లిరా, వచ్చాక చదవాలనిపించకపోతే నన్నడుగు.

ఇక రాత్రి చదువు మానెయ్. రోజంతా తిరిగొచ్చిన ఒంటికి మంచం మీద నిద్రే కావాలి, అందులో నీ తప్పేం లేదు. నీకు దొరికిన చోటు రైలు. పొద్దున బండి బిట్రగుంట దాటగానే ఫోన్ సంచిలో అడుక్కి పోవాలి, పుస్తకం చేతిలోకి రావాలి. పడుగుపాడు దాటి పెన్న బ్రిడ్జి మీద బండి చప్పుడు మారగానే మూసెయ్. మధ్యలో ఎన్ని పేజీలైతే అన్ని, లెక్క పెట్టొద్దు. కావలి నుంచి బిట్రగుంట దాకా మాత్రం హాయిగా ఫోన్ చూసుకో, అదీ వద్దంటే నాలుగో రోజుకే మొత్తం మానేస్తావు. సీటు దొరకని రోజులుంటాయి కాబట్టి ఒంటి చేత్తో పట్టుకోగలిగే సన్న పుస్తకం, కథల సంపుటైతే ఇంకా మంచిది, ఒక కథ ఒక ప్రయాణంలో అయిపోతుంది. వెళ్లేటప్పుడు పది పేజీలే అనుకున్నా ఏడాదిలో 250 పనిదినాలకి 2,500 పేజీలు, అంటే 200 పేజీల పుస్తకాలు పన్నెండు. వచ్చేటప్పుడు నిద్రపో.

ఇంకో మాట, ముప్పై పేజీలు చదివినా లోపలికి వెళ్లలేకపోతే వదిలేసి ఇంకోటి తెచ్చుకో. అందరూ గొప్పదన్నారని మొండిగా పట్టుకుని నెలలు పోగొట్టుకున్నదాన్ని నేను.

ఎన్నాళ్లు పడుతుందంటావా? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్కేశారు. మధ్యలో ఒక రోజు తప్పిపోతే పెద్దగా చెడిందేమీ లేదని కూడా చూశారు. కాబట్టి పండగకో పిల్లల జ్వరానికో ఆగిపోతే దిగులు పడకు, మర్నాడు బిట్రగుంటలో మళ్లీ తియ్.

ప్రశ్న: మాది ఒంగోలు. మా అబ్బాయి ఏడో తరగతి. రోజూ పది పేజీలు చదివి సారాంశం చెప్పమంటున్నాను. పుస్తకం చూస్తేనే పారిపోతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: సారాంశం అడగడం ఈ రోజే ఆపండి. బడిలో అడిగేదే ఇంట్లోనూ అడిగితే ఏ పిల్లాడైనా పారిపోతాడు. లైబ్రరీకి తీసుకెళ్లి వాడికి కావాల్సింది వాణ్నే తీసుకోనివ్వండి, బొమ్మల కథలు తెచ్చుకున్నా ముఖం చిట్లించకండి. అన్నాలయ్యాక ఓ అరగంట టీవీ కట్టేసి మీరూ ఏదో ఒకటి పట్టుకుని వాడి పక్కన కూర్చోండి. మీరేం చదువుతారో మీ ఉత్తరంలో రాయలేదు, అది కూడా రాసుంటే ఇంకొంచెం చెప్పేదాన్ని.