బూట్ల చప్పుడు తగ్గించు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

ఆస్ట్రియా సినిమా డైరెక్టరు పాబ్స్ట్ మీద నువ్వు రాస్తున్న నవల ఐదు అధ్యాయాలూ చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ ఏ పేజీ తిప్పినా నాజీల బూట్ల చప్పుడే. సినిమావాడి దగ్గరికి నియంత బూట్లతోనే రానక్కర్లేదు, కాగితంతోనూ వస్తాడు. 1933 నుంచి నాజీ ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్ చాంబర్‌లో సభ్యత్వం లేనివాడికి జర్మనీ సినిమాల్లో పని లేదు. స్క్రిప్టు ముందే హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ మనుషుల చేతికి వెళ్లాలి. 1936లో కళా విమర్శనే నిషేధించాడాయన. ఇక సినిమా బాగోలేదని రాసే నాథుడే లేడు. డైరెక్టరుకి అదెంత హాయో ఆలోచించావా? ఆ హాయి రాయి.

1939లో ఆస్ట్రియాలో ఉండగా యుద్ధం వచ్చిపడింది, చిక్కుకుపోయాడు అని రెండు పేరాల్లో తేల్చేశావు. సరే, చిక్కుకున్నాడు. మరి నాజీల జర్మనీలో 1941లో ‘కొమోడియాంటెన్’, 1943లో ‘పారాసెల్సస్’ ఎలా తీశాడు? 1930లో యుద్ధం వద్దని ‘వెస్ట్‌ఫ్రంట్ 1918’ తీసిన మనిషేగా! నీ నవలంతా అక్కడే ఉంది. ఒక్కసారే లొంగిపోయినట్టు రాయకు. ఇవాళ మంచి కెమెరామన్, రేపు ఇంకో నాలుగు లైట్లు... ఒక్కోదానికీ ‘సరే’ అంటూ పోనీ.

ఇంకోటి, ఇది కాస్త కోపంగానే చెబుతున్నా. నాజీల నిర్బంధ శిబిరాల్లోంచి రోమా, సింతీ జనాన్ని (జిప్సీలనేవారే, వాళ్లని) తెచ్చి ఎక్స్‌ట్రాలుగా నిలబెట్టింది హిట్లర్ కాలపు డైరెక్టరు లెనీ రీఫెన్‌స్టాల్, తన ‘టీఫ్లాండ్’ సినిమా కోసం. దాన్ని తెచ్చి పాబ్స్ట్ నెత్తిన పెట్టావు. అసలు పేరు వాడితే ఆయన తప్పులే రాయి. లేదా పేరు మార్చేసి నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో.

నాకు ఆశంతా చివరి భాగం మీదే. ప్రాగ్‌లో తీసిన ‘డెర్ ఫాల్ మోలాండర్’ ఎడిటింగ్ పూర్తికాకుండానే యుద్ధం అయిపోయింది. ఆ ఎడిటింగ్ గది నీకు తెలీదు, నాకు తెలుసు. మద్రాసులో మూవియోలా, అంటే ఎడిటింగ్ మెషీను, పక్కన ఫిల్మ్ ముక్కలు మేకులకు వేలాడుతూ కింద గుడ్డ సంచీలోకి దిగుతుండేవి. రెండు ఫ్రేములు ఉంచాలా తీసేయాలా అని గంటసేపు కొట్టుకునేవాళ్లం. ఓరోజు మా నాన్నకి సీరియస్‌గా ఉందని మూడుసార్లు ఫోనొచ్చిందట. ‘ఈ జాయింట్ అవ్వనీ’ అన్నానట, రెండు ఫిల్మ్ ముక్కలు అతికిస్తూ. అలా అన్న సంగతే నాకు గుర్తు లేదు, అసిస్టెంటు తర్వాత చెప్పాడు. పాబ్స్ట్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూడు.

సంక్రాంతికి వస్తే ఫిల్మ్ కోసి అతికించే నా పాత స్ప్లైసర్ చూపిస్తా. బ్లేడు తుప్పు పట్టింది, చెయ్యి కోసుకోకు.

నీ పెదనాన్న