పాస్‌వర్డును కాగితం మీద రాసిపెట్టుకో

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు సొంత జీతంతో కొత్త ఐఫోన్ కొంటున్నావనీ, పాతదానిలోని సమస్తం లాప్‌టాప్‌లోకి బ్యాకప్ తీసి దానికి పాస్‌వర్డు పెట్టావనీ, ఆదివారం పాత ఫోను అమ్మేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. దుకాణం వాళ్ళ చేతిలో పెట్టకుండా అంతా నీ అంతట నువ్వే చేసుకుంటున్నందుకు నాకు గర్వంగా ఉంది. పాస్‌వర్డు ఎక్కడ రాసుకుందని అడిగితే, "దానికన్నీ గుర్తుంటాయిలే మావయ్యా" అన్నది మీ అమ్మ. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఛార్జింగ్ నిండుగా పెట్టుకోవడం, బ్యాకప్ పూర్తయ్యేదాకా కేబుల్ పీకకపోవడం నీకు తెలిసినవే. తాళం తీసెయ్యమని కూడా నేను చెప్పను, ఎందుకంటే తాళం లేని బ్యాకప్‌లోకి కాల్ హిస్టరీ, హెల్త్ వివరాల వంటివి రానేరావు. అయితే ఆ పాస్‌వర్డు మరచిపోతే ఆపిల్ కంపెనీ సైతం దాన్ని తెరవలేదు. ఫోను చేతిలో ఉంటే రీసెట్ ఆల్ సెట్టింగ్స్ నొక్కి, కొత్త పాస్‌వర్డుతో మరో బ్యాకప్ తీసుకోవచ్చు; పాత బ్యాకప్ మాత్రం అప్పుడు కూడా తెరుచుకోదు. ఫోనే అమ్మేశాక ఇక తీసుకోవడానికేముంది?

నా సంగతి నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. 1996 నవంబరు తుపానులో మా ఇంటి పెంకులు లేచిపోయి, రేకు పెట్టెలోకి నీళ్ళు దిగి, నా డిగ్రీ సర్టిఫికెట్టూ పొలం కాగితాలూ ముద్దయిపోయాయి. అరుగు మీద ఆరబెడితే సిరా మరకలు తప్ప ఒక్క అక్షరం మిగలలేదు. ఆనాటి నుంచి నాకు కాగితమంటే నమ్మకం పోయింది. అందుకే వాట్సాప్ బ్యాకప్‌కు తాళం పెట్టిన రోజున, పాస్‌వర్డు కావాలా, 64 అంకెల కీ కావాలా అని అది అడిగితే, అన్ని అంకెలు కాగితం మీద రాసుకోవాలి కదా అని పాస్‌వర్డునే ఎంచుకున్నాను. మన నది పేరు నేనెలా మరచిపోతాననుకుని, వశిష్ఠ అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, చివర వరద వచ్చిన ఏడాది చేర్చాను.

తరువాత ఒకనాడు సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కుతుంటే, జేబులోని ఫోను జారి ఆ వశిష్ఠలోనే పడిపోయింది. అదే నంబరుతో సిమ్ము తీసుకుని, కొత్త ఫోనులో వాట్సాప్ తెరిస్తే పాస్‌వర్డు అడిగింది. నది పేరు గుర్తుంది గాని స్పెల్లింగు గుర్తులేదు. ఎస్ తరువాత హెచ్ పెట్టానో లేదో, టి తరువాత మరో హెచ్ ఉందో లేదో, ఏడాది 1986 అనుకున్నానో 2022 అనుకున్నానో! ముప్పై ఏళ్ళు పిల్లల ఒత్తులు దిద్దిన తెలుగు మాస్టారిని, ఠ ఒత్తు దగ్గర ఓడిపోయాను. కొన్ని ప్రయత్నాల తరువాత అది ఇక అడగడం కూడా మానేసింది. పాత ఫోను బతికి ఉంటే లోపలి నుంచే పాస్‌వర్డు మార్చుకునేవాడిని.

అందులో మీ అమ్మమ్మ వాయిస్ మెసేజీలు ఉన్నాయి. 2022 జూలై వరదలో, నది మధ్య లంకలోని ఇంటి నుంచి, "తమ్ముడూ, మూడో మెట్టు ములిగిందిరా, నాలుగో మెట్టు మీదకి చీమలెక్కుతున్నాయి" అని, పాల లెక్క చెప్పినంత నిదానంగా గంటకోసారి చెప్పేది.

కాబట్టి నీ పాస్‌వర్డును నువ్వు కొట్టిన అక్షరాలలోనే, ఏది పెద్దక్షరమో ఏది చిన్నక్షరమో తెలిసేలా, రెండు కాగితాల మీద రాయి. ఒకటి నీ దగ్గర ఉంచుకుని, రెండోది మీ అమ్మ బీరువాలో పై అరలో పెట్టించు. హైదరాబాదులో నాలుగో అంతస్తులోకి ఏ వరదా రాదని నువ్వు నవ్వుతావు, నవ్వినా సరే, రెండింటికీ పాలిథిన్ కవరు వెయ్యి. ఆ కాగితం చూసే పాస్‌వర్డు కొట్టి, కొత్త ఫోనులోకి అంతా దింపుకుని, పాత మెసేజీలు తెరిచి విన్నాకే పాత ఫోను అమ్ము. ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అమ్ముకోవచ్చు, వెయ్యి రూపాయలు తగ్గితే నేనిస్తాను.

తిట్టినట్టుగా రాశానేమో, ఏమీ అనుకోకమ్మా. మీ అమ్మమ్మ నీకు కూడా వాయిస్ మెసేజీలు పంపేదని మీ అమ్మ అన్నది. ఆ ఫోను ముట్టుకునే ముందు వాటిలో ఒకటి రెండు నాకు పంపు. తమ్ముడూ అని కాక బుజ్జీ అని పిలిచినవైనా నాకు చాలు.

ఇట్లు,
తాతయ్య