యాభై క్యాలిబర్ రైఫిల్‌లో మొదట ఏం మార్చాలి?

ప్రశ్న: టెక్సస్‌లో ఉన్న మా బావ .50 బీఎంజీ రైఫిల్ (సుమారు అర అంగుళం మందం గుండు పేల్చే భారీ తుపాకీ) కొన్నాడు. స్కోప్ (గురి చూసే దుర్భిణి), బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు), మజిల్ బ్రేక్ (గొట్టం కొసకు బిగించే ముక్క) అన్నీ మార్చేస్తానంటున్నాడు. వచ్చే నెల నేనూ వెళ్తున్నా. ముందు దేనికి ఖర్చు పెట్టమని చెప్పాలండీ?
- ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: స్కోప్‌కేనండీ, అనుమానమే లేదు. దాంతోపాటు దాన్ని తుపాకీ మీద బిగించే పట్టీ (దీన్నే రైలు అంటారు), రింగులు కూడా గట్టివి తీసుకోమనండి, ఎందుకంటే పేల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకు చవక రింగులు కదిలిపోతాయి, అప్పుడు ఎంత ఖరీదైన స్కోప్ ఉన్నా గురి కుదరదు. వెయ్యి మీటర్లు వెళ్లేసరికి గుండు చాలా కిందికి దిగిపోతుంది కాబట్టి ముందుకు కాస్త వాలుగా ఉండే 20 ఎంఓఏ రైలు వాడతారు (ఎంఓఏ అంటే కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు). ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 2.9 సెంటీమీటర్లు, అంటే 1000 మీటర్ల దగ్గర 20 ఎంఓఏకి దాదాపు 5.8 మీటర్లు, స్కోప్‌లో అంత సర్దుబాటు మనకు మిగులుతుంది.

మజిల్ బ్రేక్ రైఫిల్‌తో వచ్చిందే ఉంటే చాలు. అది గ్యాస్‌ని పక్కలకు తోసి భుజం మీద దెబ్బ తగ్గిస్తుంది, కానీ ఆ మోత పక్కన నిలబడ్డవాళ్ల చెవులకే, అంటే మీకే! ఇయర్ ప్లగ్, దానిపైన ఇయర్ మఫ్, రెండూ పెట్టుకోండి. బైపాడ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొకటి, దయచేసి మర్చిపోకండి: తిరిగొచ్చేటప్పుడు గుర్తుగా ఒక్క తూటా కూడా బ్యాగులో వేసుకోవద్దు. లైసెన్సు లేకుండా అది దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. బయల్దేరే ముందు బ్యాగు జేబులన్నీ తడిమి చూసుకోండి.