సంక్రాంతికి పిల్లలతో షిప్ ఎక్కొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు క్రూజ్ గురించే, ముగ్గురూ అడిగింది ఎండాకాలం సెలవులు కాకుండా వేరే టైమ్‌లో వెళ్లడం గురించే. అందుకే వేరే ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి ఈ మూడూ తీసుకున్నా.

ప్రశ్న: మేడమ్, మాకు ఇద్దరు పిల్లలు, బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఇంకా మూడు నిండలేదు. ఎండాకాలంలో మా వారికి లీవ్ దొరకదు, ఆడిట్ పని. అందుకని దసరాకో సంక్రాంతికో ముంబై నుంచి వెళ్లే క్రూజ్ ఎక్కుదామంటున్నారు. మా అత్తయ్యగారు కూడా వస్తారు కానీ "చలికాలంలో పసిపిల్లల్ని వేసుకుని సముద్రం మీదికేంటి, వెళ్తే ఎండాకాలమే వెళ్లాలి" అని పట్టుబట్టారు. ఏ నెల మంచిది? షిప్ బాగా ఊగుతుందా? పాప పెరుగన్నం తప్ప ఏదీ ముట్టదు, అదో బెంగ. (ఒక గృహిణి, కూకట్‌పల్లి)

జవాబు: మీ అత్తయ్యగారి భయం నాకు అర్థమైందమ్మా, మేం షిప్ ఎక్కేముందు మా అత్తగారూ ఇదే మాట అన్నారు. కానీ ముంబై వైపు సముద్రానికి లెక్క తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ఆ నెలల్లో ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ తిరిగే షిప్పులు ఇటు చెన్నై వైపుకి రావడమో ఆగిపోవడమో జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సముద్రం పర్లేదు కానీ ఎండ, ఉక్క. పొద్దున పదకొండు దాటాక డెక్ మీద చెప్పుల్లేకుండా పిల్లలు కాలు పెట్టలేరు, స్విమ్మింగ్ పూల్ పైనే ఉంటుంది మరి, అంత డబ్బు పెట్టి నాలుగింటిదాకా రూమ్‌లో కూర్చోబెడతామా చెప్పండి. చలి అంటారా, జనవరిలో ముంబైలో రాత్రిపూట కాస్త చల్లగా ఉంటుందేమో, కిందికి దిగేకొద్దీ అదీ ఉండదు, లక్షద్వీప్ దగ్గర జనవరిలో కూడా కాటన్ బట్టలే. స్వెటర్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, బయట చలికి కాదు, షిప్ లోపల ఏసీకి. డైనింగ్ హాల్లో మా అత్తగారు రెండు పూటలా శాలువా కప్పుకునే భోంచేశారు.

ఇక దసరానా సంక్రాంతా అంటే నేను సంక్రాంతికే ఓటేస్తా. అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల కాలం. మన బంగాళాఖాతంతో పోలిస్తే అరేబియా వైపు తుఫాన్లు బాగా తక్కువే కానీ అసలు రావని కాదు, 2017లో ఓఖీ తుఫాను డిసెంబర్ మొదట్లోనే లక్షద్వీప్‌ని కుదిపేసింది. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి సముద్రం చెరువులా ఉంటుంది. డిసెంబర్ 20 నుంచి న్యూ ఇయర్ దాకా వద్దు, రేట్లు ఆకాశంలో ఉంటాయి, షిప్ కిటకిటలాడుతుంది. రిపబ్లిక్ డే కలిసొచ్చే వీకెండ్ కూడా అంతే. ఇంకో మాట, శుక్రవారం ఎక్కి ఆదివారం దిగే గోవా ట్రిప్పుల్లో బ్యాచిలర్ గ్యాంగులు ఎక్కువ, రాత్రి రెండింటిదాకా డీజే. పిల్లలతో అయితే వారం మధ్యలో బయల్దేరే ట్రిప్ చూస్కోండి, సంక్రాంతి సెలవులు ఎలాగూ వారం మధ్యలోకి వస్తుంటాయి కదా.

ఊగుడు గురించి. ఊగుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, కానీ జనవరిలో చాలామందికి తెలియదు కూడా. రూమ్ బుక్ చేసేటప్పుడే కింది డెక్‌లో (అంటే అంతస్తులో), షిప్‌కి నడిమధ్య వచ్చేలా అడగండి. పిల్లలు ఎక్కే ఊగుడు బల్ల చూశారుగా, చివర కూర్చున్నవాడు పైకీ కిందికీ పోతుంటాడు, మధ్యలో ఉన్నవాడికి ఏమీ ఉండదు, ఇదీ అంతే. చాలామంది పాప గురించి భయపడతారు గానీ మీరు చూసుకోవాల్సింది బాబుని. రెండు మూడేళ్ల పిల్లలకి ఈ కడుపులో తిప్పుడు పెద్దగా రాదు, ఆరేడేళ్ల నుంచి పన్నెండు లోపు వాళ్లకే ఎక్కువ. మావాడికి అప్పుడు ఎనిమిది, మొదటి రాత్రి పై బెర్త్ మీద పడుకుని ట్యాబ్‌లో గేమ్ ఆడుతూ ఆడుతూ "అమ్మా, గోడ కదుల్తోంది" అన్నాడు, నేను లైట్ వేసేలోపే నా కొత్త చీర మీద పని కానిచ్చేశాడు. అప్పుడు వాడిని పైకి డెక్ మీదికి తీసుకెళ్లి, దూరంగా కనిపించే ఒడ్డు లైట్ల వైపు చూడమని, కాస్త అల్లం మురబ్బా చప్పరించమంటే పావుగంటలో కుదుటపడ్డాడు. రూమ్‌లో స్క్రీన్ చూడనివ్వకండి, అదే మొదటి మందు. బస్సుల్లో వేసే అవోమిన్ ఉంది కదా అని మీరే సగం విరిచి వేసేయొద్దు, రెండేళ్ల లోపు పిల్లలకి అది అస్సలు వేయకూడదు, ఆపైన వాళ్లకి కూడా ఎంత వేయాలో పిల్లల డాక్టర్‌ని అడిగి చీటీ రాయించుకునే వెళ్లండి.

పెరుగన్నం బెంగ వదిలేయండి. ముంబై నుంచి తిరిగేది కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ షిప్, మన జనం కోసమే నడిపేది కాబట్టి అన్నం, పప్పు, పెరుగు ఉంటాయి, జైన్ భోజనం కూడా విడిగా పెడతారు. టైమింగ్సే ఇబ్బంది. రాత్రి భోజనానికి రెండు బ్యాచ్‌లు ఉంటే మొదటి బ్యాచ్ అడిగి తీసుకోండి, మేం రెండోదానికి వెళ్లాం, మా అమ్మాయి పూరీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే ప్లేట్ మీదికి వాలిపోయింది, వెయిటర్ అబ్బాయి కుర్చీలు రెండు జరిపి పడుకోబెట్టాడు పాపం. ఇంట్లో చేసినవి లోపలికి రానివ్వరు. మా ఆవకాయ సీసా స్కానింగ్ దగ్గరే ఆగిపోయింది, దిగేటప్పుడు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. సీల్ తీయని బిస్కెట్లు, పాపాయి తినే పొడులు, పాల డబ్బా అయితే ఇబ్బంది పెట్టరు. ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె, చిన్న రైస్ కుక్కర్ లాంటివి ఏ షిప్‌లోనూ ఒప్పుకోరు, నిప్పు భయం.

ఆ ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన షిప్, వేరే పేర్లతో అమెరికా వైపు తిరిగి తిరిగి 2021లో మన దగ్గర మొదలైంది. పదకొండు డెక్కులు. ఇప్పటి కొత్త షిప్పుల్లాగా వరసగా బాల్కనీ రూములు ఉండవు, ఉన్నవి కొన్నే, ఖరీదు. మూడేళ్ల పాప ఉంది కాబట్టి బాల్కనీ లేకపోవడమే నయం అంటాను నేను, కిటికీ ఉన్న రూమ్ చాలు. రెండు రూములు తీసుకుంటే పక్కపక్కనే ఉన్నాయని రూమ్ నంబర్లతో సహా రాతపూర్వకంగా తీసుకోండి. మాకు ఏజెంట్ నోటిమాటగా "ఎదురెదురు రూములే మేడమ్" అన్నాడు, తీరా చూస్తే అత్తగారికి రెండు డెక్కుల పైన వచ్చింది, నాలుగు రోజులూ మా వారికి లిఫ్ట్‌లోనే సరిపోయింది. కారిడార్‌లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయి, పిల్లలు తికమక పడతారు, మా అమ్మాయి జడకి కట్టే ఎర్ర రిబ్బన్ తలుపు హ్యాండిల్‌కి కట్టాను, ఆ తర్వాత మా వారు కూడా దాన్ని చూసే రూమ్‌కి వచ్చేవారు.

డబ్బుల దగ్గర ఒక్కటే జాగ్రత్త, యాడ్‌లో కనిపించే రేటుకి పోర్ట్ ఛార్జీలు, జీఎస్టీ, టిప్స్ కలుస్తాయి, మొత్తం ఐదుగురికి కలిపి చివరి ఫిగర్ ఎంతో అడిగి, అప్పుడే గోవా రిసార్ట్‌తో పోల్చుకోండి. ఒకే రూమ్‌లో మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు తగ్గుతుంది. మన దేశం దాటని ట్రిప్ అయితే పాస్‌పోర్ట్ అక్కర్లేదు, పాపతో సహా అందరి ఆధార్ ఒరిజినల్స్ ఉంచుకోండి. లక్షద్వీప్‌కి మనవాళ్లకి కూడా పర్మిట్ కావాలి, షిప్ వాళ్లే తీయిస్తారు కానీ కాగితాలు ముందే పంపాలి. అక్కడ షిప్ ఒడ్డుకి ఆనుకోదు, దూరంగా లంగరేసి చిన్న పడవల్లో తీసుకెళ్తారు, షిప్ నుంచి పడవలోకి అడుగేసేటప్పుడు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టమే, ఇద్దరు పట్టుకోవాల్సి వస్తుంది. అలలు ఎక్కువుంటే ఆ రోజు దిగడం క్యాన్సిల్ చేస్తారు, పిల్లలకి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే ఏడుపులు.

వెళ్లడానికి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ బెస్ట్, మధ్యాహ్నం నాంపల్లిలో ఎక్కితే తెల్లారేసరికి ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దింపుతుంది, అక్కడినుంచి పోర్ట్ ట్యాక్సీలో కూతవేటు. ఫ్లైట్ అయితే ముందురోజే వెళ్లిపోండి, జనవరిలో ఢిల్లీ పొగమంచుకి దేశంలో చాలా ఫ్లైట్లు లేటవుతాయి, షిప్ మన కోసం ఆగదు. ఎక్కగానే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది, పిల్లలు విసుక్కున్నా తప్పించుకోవద్దు, లైఫ్‌జాకెట్ పాప సైజ్‌ది ఉందో లేదో రూమ్ కుర్రాడిని అప్పుడే అడిగి తెప్పించుకోండి. ఫోన్‌ని ఒడ్డు దాటగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, షిప్‌లోని శాటిలైట్ నెట్‌వర్క్‌కి అదంతట అదే కనెక్ట్ అయిందంటే వచ్చే బిల్లు చూసి మీ వారు ఆడిట్ మీకే చేస్తారు.

ప్రశ్న: అక్కా, మేము డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడి గాల్వెస్టన్ పోర్ట్ నుంచి కరీబియన్ క్రూజ్ ఫిబ్రవరిలో చాలా చీప్‌గా కనిపిస్తోంది, సెప్టెంబర్‌లో కూడా. బాబుకి అప్పటికి ఏడో నెల. హెచ్‌వన్‌బీ వర్క్ వీసా మీద ఉన్నాం. వెళ్లొచ్చా? (ఒక చెల్లెలు, టెక్సస్)

జవాబు: రెండూ చీపే, రెండిటికీ కారణం వేరు. సెప్టెంబర్ చీప్ ఎందుకంటే స్కూళ్లు తెరిచేస్తారు, పైగా హరికేన్లు. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా సీజన్, సెప్టెంబర్ 10 ప్రాంతంలో దాని పీక్. తుఫాను ఎదురైతే షిప్ మునిగిపోదు, పక్కకి తప్పుకుని వెళ్తుంది, మీరు మెక్సికో దీవి కోజుమెల్ అనుకుని ఎక్కితే ఇంకెక్కడో దింపొచ్చు, లేదా గాల్వెస్టన్ పోర్టే మూసేస్తే రెండు రోజులు ఎక్కువ సముద్రం మీదే ఉండొచ్చు. ఏడు నెలల బాబుకి డైపర్లు, ఫార్ములా లెక్కపెట్టుకుని తెచ్చుకున్నవాళ్లకి అది నరకం. నేనైతే ఫిబ్రవరే అంటా. ప్రెసిడెంట్స్ డే సెలవు వచ్చే వారం వదిలేయి, మార్చిలో స్కూళ్లకి ఇచ్చే స్ప్రింగ్ బ్రేక్‌లో అస్సలు వద్దు. ఫిబ్రవరిలో మొదటి రోజు, చివరి రోజు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చలిగాలి, పూల్ దగ్గర టవల్ కప్పుకుని కూర్చోవాల్సిందే, మెక్సికో చేరాకే అసలు ఎండ. అక్కడ చలికాలంలో పొగమంచు కూడా ఎక్కువే, షిప్ తిరిగొచ్చాక పోర్ట్ బయటే గంటల కొద్దీ ఆగిపోతుంటుంది. కాబట్టి దిగిన రోజే ఐదు గంటలు డ్రైవ్ చేసి ఇంటికి వచ్చి పొద్దున్నే మీటింగ్ అని పెట్టుకోకు.

బాబు వయసు సరిపోతుంది, కార్నివాల్, రాయల్ కరీబియన్ క్రూజ్ కంపెనీలు రెండూ మామూలు ట్రిప్పులకి ఆరు నెలలు నిండితే ఒప్పుకుంటాయి, సముద్రం మీదే వరసగా చాలా రోజులుండే పెద్ద ట్రిప్పులకి ఏడాది నిండాలి. కానీ స్విమ్ డైపర్ వేసినా పూల్‌లోకి దించనివ్వరు, ముందే తెలుసుకో, ముద్దుగా కొన్న ఆ బాతు స్విమ్‌సూట్ ఫొటోలకే.

వీసా మాత్రం జాగ్రత్తగా చూస్కో చెల్లీ. బాబు అక్కడే పుట్టి ఉంటే అదే పోర్ట్‌కి తిరిగొచ్చే ట్రిప్‌కి బర్త్ సర్టిఫికెట్ చాలంటారు, కానీ మధ్యలో ఒంట్లో బాగోక మెక్సికో నుంచి ఫ్లైట్‌లో రావాల్సొస్తే పాస్‌పోర్ట్ కావాలి, తీయించు. మీ ఇద్దరి పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా స్టాంపింగ్ డేట్ ఎప్పటిదాకా ఉందో ఇప్పుడే తీసి చూడు. "డేట్ అయిపోయినా ముప్పై రోజుల లోపు వస్తే పర్లేదట" అని ఎవరో ఒకరు చెప్తారు, ఆ ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్‌వన్ వాళ్లకి మెక్సికో, కెనడాలకే, షిప్ దారిలో హోండురాసో జమైకానో ఉందంటే పనికిరాదు. పైగా ఇండియన్ పాస్‌పోర్ట్ మీద మెక్సికో వాళ్లు వాళ్ల వీసా అడక్కుండా రానిచ్చేది చెల్లే అమెరికా వీసా చూసే. స్టాంపింగ్ అయిపోయి ఉంటే ఈ ఏడాది క్రూజ్ మాట మర్చిపోయి శాన్ ఆంటోనియో రివర్‌వాక్ తిరిగి రండి, చవగ్గా అయిపోతుంది.

ప్రశ్న: ముంబై దాకా ఎందుకు, మా వైజాగ్‌లోనే క్రూజ్ టెర్మినల్ కట్టారు కదా! దసరా సెలవుల్లో ఇక్కడే ఎక్కొచ్చా మనవళ్లతో? (రిటైర్డ్ టీచర్, ఎంవీపీ కాలనీ)

జవాబు: నమస్కారం మాస్టారూ. టెర్మినల్ అయితే 2023 సెప్టెంబర్‌లో ఓపెన్ చేశారు, చక్కగా ఉంది. షిప్పులే ఏడాది పొడుగునా ఉండవు. కార్డీలియా షిప్ మొదటిసారి మన వైజాగ్ వచ్చింది 2022 జూన్‌లో, అంటే అటు ముంబైలో వానలు మొదలై సముద్రం లేచే టైమ్‌కి ఇటు చెన్నై వైపు వచ్చింది. అటు సముద్రం సర్దుకోగానే అటే పోతుంది. మరి దసరా అంటే మన తీరానికి ఏ టైమో నేను మీకు చెప్పాలా, 2014లో అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు అక్కడే ఉండుంటారు. 2018లో తిత్లీ కూడా సరిగ్గా అక్టోబర్ 11నే శ్రీకాకుళం మీద పడింది. దసరాకి మనవళ్లు వస్తే కైలాసగిరి రోప్‌వే ఎక్కించి, సబ్‌మెరైన్ మ్యూజియం చూపించండి, షిప్ సరదా సంక్రాంతికి ముంబై నుంచి తీర్చుకుందురుగాని. మనవళ్లు ఈత నేర్చుకుంటున్నారా లేదా రాయలేదు మీరు, నేర్చుకుంటుంటే అప్పటికి ఇంకా బాగుంటుంది.