518001కి కారణాంకాలు 8 కాదు, 12

మీరు కర్నూలు పిన్ కోడ్ 518001ని 3 × 11 × 15697 అని విడగొట్టి, మూడూ ప్రధాన సంఖ్యలే అనుకుని 2×2×2 = 8 కారణాంకాలు అని జాబితా ఇచ్చారు, వాటి మొత్తం ఎంతో కూడా అడిగారు. తప్పు 15697 దగ్గరే ఉందండీ. 11తో ఒకసారి పోయాక మళ్లీ 11తోనే చూడాలి. చాలామంది నేరుగా 13కి వెళ్లిపోతారు. కుడి నుంచి అంకె విడిచి అంకె కూడండి: 7+6+1 = 14, మిగిలినవి 9+5 = 14. తేడా సున్నా, అంటే 11తో నిశ్శేషంగా పోతుంది. 15697 = 11 × 1427.

ఇక 1427. దీని వర్గమూలం 38 లోపే, కాబట్టి 37 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. 23, 31 దగ్గర మాత్రం జాగ్రత్త: 23×62, 31×46 రెండూ 1426 అవుతాయి. ఒక్కటి మిగులుతుంది, తొందరలో పోయిందనుకుంటాం. ఏదీ పోదు, 1427 ప్రధాన సంఖ్యే.

కాబట్టి 518001 = 3 × 11² × 1427. ఘాతాలకు ఒకటి చొప్పున కలిపి గుణిస్తే 2×3×2 = 12. మీ జాబితాలో లేని నాలుగు: 121, 363, 1427, 4281. కారణాంకాల మొత్తం కూడా అడిగారు కదా, 4 × 133 × 1428 = 7,59,696. 4 అంటే 1+3, 1428 అంటే 1+1427, ఆ 133 అంటే 1+11+121. అక్కడ 121ని మరిచి 1+11 = 12 వేస్తే లెక్కంతా పోతుంది.