గోపాల్‌పూర్ కథకి హత్య అవసరమా?

ప్రశ్న: మాస్టారూ, మాది ఒడిశాలోని బరంపురం. క్రిస్మస్ సెలవుల్లో గోపాల్‌పూర్ గెస్ట్‌హౌస్‌లో దిగిన పుస్తకాల పిచ్చోళ్ల మీద ఓ మిస్టరీ నవల మొదలుపెట్టాను. పాత తెలుగు పుస్తకాలు అమ్మే పెద్దాయన్ని రాత్రి ఎవరో చంపేస్తారు. సముద్రం పోటెక్కి దారి మునగడంతో ఎవరూ బయటికి పోలేరు. చదివి మా ఆయన పడీపడీ నవ్వారు. ఎక్కడ తేడా కొట్టింది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆయన నవ్వింది పోటు చూసే అయ్యుంటుందమ్మా. ఇంగ్లండ్‌లో డెవాన్ తీరాన బర్గ్ ఐలాండ్ అని ఒకటుంది. ఆటుకి ఇసుక మీద నడిచి వెళ్లొచ్చు, పోటుకి ఆ దారి మునుగుతుంది. అగాథా క్రిస్టీ 1941లో వచ్చిన తన నవలకి దాన్నే ఆధారం చేసుకుంది. అక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు నాలుగు మీటర్లకు పైగా లేస్తుంది. మన గోపాల్‌పూర్‌లో మామూలుగా రెండు మీటర్లకు మించదు. మునగడానికి అక్కడ దారేదీ? బరంపురం నుంచి ఆటోలో వచ్చే ఊరది.

అసలు వాళ్లని బంధించడం ఎందుకు? అరుదైన పుస్తకం పోయిందంటే పుస్తకాల పిచ్చోళ్లు తాళం వేయకపోయినా కదలరు. హత్య తీసేయండి. పెద్దాయన్ని బతకనివ్వండి, ఆయన దగ్గర మంచి కబుర్లుంటాయి. పోయిన పుస్తకం మర్నాడు ఇంకొకరి బల్ల మీద, 'జమీందారు గారి లైబ్రరీది' అంటూ అమ్మకానికి కనబడితే చాలు, టెన్షన్ అదే వస్తుంది.

క్లూ పుస్తకం ఒంటి మీదే ఉండాలని నా పట్టుదల. పాత్రలు కవిత్వం అప్పజెబితే పుస్తకప్రియుల కథ అయిపోదు. మన జిల్లా ఇచ్చే క్లూ ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. దొంగకి ఈ చరిత్ర తెలుసు. అందుకే జమీందారు లైబ్రరీ పేరుతో చేయించిన దొంగముద్ర మీద 'గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ' అని చెక్కించి, కింద 1931 అని తేదీ వేస్తాడు. అంతా సరిగ్గానే చేశాడు. కానీ ముఖపత్రం మీద ముద్రించిన ఏడాది 'బహుధాన్య'. తెలుగు సంవత్సరాలు రాని మనిషికి అది ఏదో ప్రెస్సు పేరులా కనిపిస్తుంది. బహుధాన్య అంటే 1938 ఉగాది నుంచి 1939 ఉగాది దాకా. ఇంకా అచ్చు కాని పుస్తకం 1931లో లైబ్రరీకి ఎలా చేరింది?

దొంగ గట్టివాడైతే, అరవై ఏళ్లకోసారి వచ్చే పేరే కదా, ఇది 1878 నాటి బహుధాన్య అంటాడు. అననివ్వండి, ఆ పేజీలు మీకు భలే రుచిగా వస్తాయి. ఆ పుస్తకం లోపల ఎక్కడో ఒక పాత్ర రేడియో వింటూ ఉంటే వాడి పని అయిపోయినట్టే. ఆ వాక్యాన్ని మీ నవల మొదటి అధ్యాయంలోనే ఎవరిచేతనో పైకి చదివించి, ఊరుకోండి.

సముద్రాన్నీ ఖాళీగా ఉంచకండి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడ ఒడ్డు వెంట ఇసుక ఉత్తరానికి కదులుతుంది. మీ కథ జరిగే చలికాలంలో దక్షిణానికి మళ్లుతుంది. దొంగ అలల్లోకి విసిరిన సంచి ఎటు కొట్టుకొస్తుందో వాడికి తెలియదు, వల లాగే నోలియా (ఇక్కడి జాలరి) ఆవిడకి తెలుస్తుంది. ఆవిడ ఇంట్లో మాట తెలుగు, ఎస్సై రాసుకునేది ఒడియాలో. ఆవిడ 'రెండో వల లాగినప్పుడు' అంటుంది, ఆయన కాగితం మీద రాయడానికి ఎన్ని గంటలకో చెప్పమంటాడు. మీ పరిశోధకురాలికి అక్కడే పని దొరుకుతుంది. ఎస్సైని మాత్రం తెలివితక్కువవాణ్ణి చేయకండి, ఆ అలవాటు నాకు చిరాకు.

రాశాక నాకు పంపండి. చివరి అధ్యాయం వేరే కవర్లో పెట్టండి. దొంగెవరో నేను ముందే పట్టేస్తే, ఎక్కడ తిరగరాయాలో చెబుతాను.