ఎన్నారై సందేహాలు: మావ్ మావ్ లెక్కల్లో ఏది నమ్మాలి?

సందేహం: మేము హైదరాబాద్ నుంచి నైరోబీకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మావారు ఫార్మా కంపెనీలో పనిచేస్తారు, నేను ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా అమ్మాయి స్కూల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) హిస్టరీ ప్రాజెక్టుకి, 1950ల్లో ఇక్కడ బ్రిటిష్ పాలన మీద జరిగిన మావ్ మావ్ తిరుగుబాటు తీసుకుంది. ఒక పుస్తకంలో 11 వేల మంది చనిపోయారని ఉంది, ఇంకోదాంట్లో లక్షల్లో ఉండొచ్చని ఉంది. ఏది నిజం? ఇంకొకటి. మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఈ టాపిక్ వస్తే "ఏదైతేనేం, రైళ్ళు వేసి వెళ్ళారు కదా" అన్నాను. అందరూ ఒక్కసారిగా మాట మార్చేశారు. నేనేం తప్పన్నాను?

జవాబు: ముందు అమ్మాయి ప్రాజెక్టు సంగతి చూద్దాం. దానికి గడువుంటుంది. మీ లంచ్ గొడవ నిదానంగా సర్దుకోవచ్చు.

ఆ రెండు పుస్తకాలూ లెక్కపెట్టింది వేరువేరు మనుషుల్ని. 11,503 అనేది వలస ప్రభుత్వం తన కాగితాల్లో రాసుకున్న అంకె. 1952 అక్టోబరు 20న గవర్నర్ ఎవెలిన్ బేరింగ్ ఎమర్జెన్సీ ప్రకటించాక, పోరులో ఇంతమంది మావ్ మావ్ వాళ్ళని చంపాం అని చెప్పుకున్న లెక్క అది. డిటెన్షన్ క్యాంపుల్లో జబ్బు చేసి పోయినవాళ్ళు అందులో లేరు. ముళ్ళకంచెల మధ్య కొత్తగా కట్టించిన ఊళ్ళలో తిండిలేక పోయిన పిల్లలూ లేరు. ఆ ఊళ్ళు 800 పైచిలుకు. తిరుగుబాటులో ముందున్న కికుయు తెగ జనాన్ని పది లక్షల మందికి పైగా, ఇళ్ళు కాల్చేసి మరీ వాటిలోకి తరలించారు.

అమెరికా చరిత్రకారిణి క్యారొలైన్ ఎల్కిన్స్ 2005లో తెచ్చిన పుస్తకంలో వేరే దారి పట్టారు. జనాభా లెక్కలు తీసి, పక్క తెగలు పెరిగినట్టే కికుయులూ పెరిగి ఉంటే ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు అని చూశారు. 1,30,000 నుంచి 3,00,000 మంది దాకా లెక్కకు దొరకడం లేదన్నారు. మీ అమ్మాయి చూసిన 'లక్షలు' ఇక్కడివే అయివుంటాయి. ఆ పుస్తకానికి పులిట్జర్ వచ్చింది, దాంతోపాటు విమర్శలూ వచ్చాయి. 2007లో జాన్ బ్లాకర్ అనే జనాభా శాస్త్రవేత్త, తెగకీ తెగకీ పోలిక పెట్టి అలా తీసివేత చేస్తే లెక్క తప్పుతుందని చూపించాడు. ఆయన తేల్చింది సుమారు 50 వేల అదనపు మరణాలు. అందులో సగం మంది పదేళ్ళలోపు పిల్లలు. లక్షల నుంచి 50 వేలకు దిగింది కదా అని కొందరు దీన్ని బ్రిటన్ తరఫు వాదనగా వాడుకుంటారు. నాకైతే అది అర్థం కాదు. పాతిక వేల మంది పిల్లలంటే మాటలా?

మూడో ఆయన చరిత్రకారుడు డేవిడ్ ఆండర్సన్. ఈయన కోర్టు కాగితాలు తిరగేశారు. మావ్ మావ్ కేసుల్లో ఉరితీసినవాళ్ళు 1,090 మంది అని తేల్చారు. హత్య చేసినవాళ్ళకే కాదు, జేబులో తూటా దొరికినవాడికి కూడా ఉరిశిక్ష వేసే చట్టం అప్పుడు నడిచింది. ఈ అంకె మీద పెద్దగా పేచీ లేదు. ఉరి తీయాలంటే విచారణ, తీర్పు, సంతకం ఉండాలి కాబట్టి కాగితం మిగిలింది. క్యాంపులో దెబ్బలకు పోయినవాడికి అలాంటి కాగితం ఎక్కడిది?

అందుకని "మొత్తం ఎంతమంది చనిపోయారు" అన్న ప్రశ్నతో ప్రాజెక్టు మొదలుపెట్టొద్దని అమ్మాయికి చెప్పండి. ఉన్నవాటిలో పెద్ద అంకె వేసేస్తే మార్కులొస్తాయనుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. ఏ అంకె ఎవరు ఎలా లెక్కకట్టారో రాస్తే టీచరు తప్పకుండా చదువుతారు.

ఇక అసలు కథ ఫైళ్ళది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకూ ఇది బొత్తిగా తెలియదు. 1963 డిసెంబరు 12న కెన్యాకి స్వాతంత్ర్యం. దానికి ముందు రెండు మూడేళ్ళు నైరోబీ సెక్రటేరియట్‌లో నడిచిన పని ఏమిటంటే, కొత్త ప్రభుత్వానికి అప్పగించే ఫైళ్ళని, అప్పగించకూడని ఫైళ్ళని వేరు చేయడం. లండన్ ప్రభుత్వానికి తలవంపులు తెచ్చే కాగితం ఏదీ తర్వాతి వాళ్ళ చేతిలో పడకూడదని 1961లో వలసల మంత్రి ఇయాన్ మెక్లియాడ్ ఆదేశం. అలాంటి ఫైళ్ళకి 'వాచ్' అని పేరు పెట్టారు. యూరోపియన్ సంతతికి చెందిన బ్రిటిష్ అధికారి తప్ప ఇంకెవరూ వాటిని ముట్టుకోకూడదు. ఆ రోజుల్లో ఇక్కడి ఆఫీసుల నిండా ఇండియన్ గుమస్తాలు. ఫైలు కట్టేది వాళ్ళు, నంబరు వేసేది వాళ్ళు. ఆ ఒక్క రకం ఫైలు మాత్రం వాళ్ళ బల్ల మీదికి రాకూడదు. చాలావాటిని కాల్చేశారు. మిగిలిన సుమారు 1,500 ఫైళ్ళని విమానంలో లండన్‌కి పంపేశారు. 1967లోనే కెన్యా తిరిగి అడిగింది, ఇవ్వలేదు.

తర్వాత అవి ఇంగ్లండ్‌లో హాన్‌స్లోప్ పార్క్ అనే ప్రభుత్వ ప్రాంగణంలో పడి ఉన్నాయి. 2009లో ఐదుగురు కెన్యా ముసలివాళ్ళు, తమను క్యాంపుల్లో చిత్రహింసలు పెట్టారని లండన్ హైకోర్టులో బ్రిటన్ ప్రభుత్వం మీద దావా వేశారు. ఎల్కిన్స్, ఆండర్సన్, సైనిక చరిత్ర చదివిన హ్యూ బెనెట్ ముగ్గురూ నిపుణులుగా వాళ్ళ తరఫున నిలబడ్డారు. ఫలానా సంవత్సరం ఇన్ని పెట్టెలు విమానం ఎక్కాయి, అవెక్కడున్నాయి అని పట్టుబడితే, 2011లో విదేశాంగ శాఖ ఒప్పుకోక తప్పలేదు. చూస్తే కెన్యావే కాదు, 37 పాత వలసలకు చెందిన 8,800 ఫైళ్ళు బయటపడ్డాయి. వాటిలో 1957లో ఇక్కడి అటార్నీ జనరల్ ఎరిక్ గ్రిఫిత్-జోన్స్ గవర్నర్‌కి రాసిన ఉత్తరం ఉంది. ఖైదీలను కొట్టడాన్ని చట్టం పరిధిలోకి ఎలా ఇమడ్చాలో చర్చించి, పాపం చేయక తప్పకపోతే చప్పుడు కాకుండా చేయాలి అన్నాడాయన. 2013 జూన్‌లో బ్రిటన్ 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్లు ఇచ్చి, పార్లమెంటులో విచారం వెలిబుచ్చింది. ఇక్కడ నైరోబీలో ఉహూరు పార్క్‌లో ఉన్న స్మారకం ఆ ఒప్పందంలో భాగమే. అయితే తర్వాత దాదాపు 40 వేల మంది కలిసి వేసిన ఇంకో పెద్ద దావాని 2018లో కొట్టేశారు. అన్నేళ్ళ తర్వాత న్యాయంగా విచారణ జరపడం కుదరదన్నాడు జడ్జి. ఆ తీర్పు కూడా చదివించండి, ముసలివాళ్ళ జ్ఞాపకాన్ని కోర్టు ఎలా చూస్తుందో, చరిత్రకారులు ఎలా చూస్తారో తేడా తెలుస్తుంది.

ఫైళ్ళు దాచడం తెల్లవాళ్ళ సొత్తేమీ కాదు లెండి. హైదరాబాద్ వాళ్ళు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, 1948 పోలీస్ యాక్షన్ తర్వాత జరిగిన హింస మీద వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఎన్ని దశాబ్దాలు చీకట్లో ఉందో. కెన్యాలో కూడా స్వాతంత్ర్యం రాగానే నోళ్ళు తెరుచుకోలేదు. మావ్ మావ్ మీద వలస ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని సొంత ప్రభుత్వాలు 2003 దాకా ఎత్తేయలేదు. మావ్ మావ్ మీద పరిశోధించిన మైనా వా కిన్యాటిని 1982లో జైల్లో పెట్టారు. కెన్యా చరిత్రకారుల్లో పెద్దాయన బెత్‌వెల్ ఓగోట్ అయితే ఎల్కిన్స్ పుస్తకాన్ని గట్టిగానే తప్పుపట్టారు. మావ్ మావ్ వాళ్ళు చేసిన హింసను ఆమె పక్కన పెట్టేశారన్నది ఆయన అభ్యంతరం. ప్రాజెక్టులో కెన్యా వాళ్ళ రాతలు లేకుండా ఇద్దరు ముగ్గురు విదేశీ ప్రొఫెసర్లతో సరిపెడితే టీచరు మొదట పట్టుకునేది అదే. కికుయు ఆవిడే అయిన తబితా కనోగో, తెల్లవాళ్ళ ఎస్టేట్లలో బతికిన కూలి రైతుల మీద చేసిన పని వెతకమనండి. తిరుగుబాటు ఎక్కడ పుట్టిందో అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు మీ లంచ్ సంగతి.

రైలు దగ్గరే మీరు నోరు జారారు. మొంబాసా నుంచి కిసుము దాకా 1896లో మొదలుపెట్టి 1901లో ముగించిన లైను అది. సుమారు 32 వేల మంది ఇండియన్ కూలీలు, చాలావరకు పంజాబ్ నుంచి, కరాచీ రేవులో ఓడెక్కి వచ్చారు. 2,500 మంది దాకా ఇక్కడే పోయారు. (మన తెలుగు కూలీలు 1860 నుంచీ మద్రాసులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళారు. ఈ పని మీద వచ్చినవాళ్ళలో మనవాళ్ళు పెద్దగా లేరు.) రైలుకి 50 లక్షల పౌండ్లకు పైగా ఖర్చయింది. ఆ డబ్బు రాబట్టాలంటే రైలుకి సరుకు కావాలి. సరుకు పండించడానికి తెల్ల రైతుల్ని పిలిపించారు. వాళ్ళకు భూములు కావాలి కాబట్టి కికుయుల దగ్గర, మాసాయిల దగ్గర లాక్కున్నారు. 1915 చట్టంతో ఆ భూముల మీద 999 ఏళ్ళ లీజులిచ్చారు. భూములు సరే, కూలీలేరి? గుడిసెకి పన్ను వేశారు. పన్ను నగదులో కట్టాలంటే కూలికి పోక తప్పదు. పోయినవాడు మధ్యలో పారిపోకుండా 'కిపాండే' పెట్టారు. వేలిముద్రలు, యజమాని పేరు, జీతం రాసిన కాగితాన్ని రేకు డబ్బీలో పెట్టి, వయసొచ్చిన ప్రతి ఆఫ్రికన్ మగవాడి మెడలో తాడుతో వేలాడదీయించారు. రైలు నుంచి మావ్ మావ్ దాకా దారి ఇదే. ఇక్కడ స్కూలు పిల్లలకి కూడా ఇది తెలుసు. మీరన్నమాట వాళ్ళ చెవిలో ఎలా పడి ఉంటుందో ఊహించుకోండి.

పైగా ఆ బల్ల దగ్గర ఎవరి తాత ఎటువైపున్నాడో మీకు తెలియదు. ఇది తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య జరిగిన గొడవ మాత్రమే కాదు. కికుయుల్లోనే కొందరు అడవిలోకి వెళ్ళారు, కొందరు ప్రభుత్వం పెట్టిన హోంగార్డులో చేరారు. 1953 మార్చిలో లారి అనే ఊళ్ళో ఒక్క రాత్రి ఇరువైపులా జరిగిన చంపుడు ఇప్పటికీ మాటల్లో నలుగుతూనే ఉంటుంది. తర్వాత భూములు పంచినప్పుడు ప్రభుత్వం వైపున్నవాళ్ళే బాగుపడ్డారు. కాబట్టి "మీవాళ్ళు మావ్ మావ్‌లో ఉన్నారా?" అని ఎవర్నీ ఆరా తీయకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. "మేమూ బ్రిటిష్ వాళ్ళ కింద నలిగినవాళ్ళమే" అని వెంటనే మన కథ ఎత్తుకోవద్దు కూడా. ఇక్కడ ఇండియన్ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది దుకాణదారు. ఇక్కడి కార్మిక నాయకుడు మకాన్ సింగ్ గురించి చదివాక 'మేమూ నలిగాం' అంటే ఆ మాటకు అర్థం వేరుగా ఉంటుంది. తూర్పు ఆఫ్రికాకి పూర్తి స్వాతంత్ర్యం కావాలని 1950లో సభలో తీర్మానం పెట్టి, 1961 దాకా నిర్బంధంలో ఉన్న మనిషి. తర్వాత దేశాధ్యక్షుడైన జోమో కెన్యాట్టా మీద కపెంగురియా అనే ఊళ్ళో మావ్ మావ్ కేసు నడిచినప్పుడు వాదించిన లాయర్లలోనూ ఇండియా నుంచి వచ్చిన దివాన్ చమన్‌లాల్, ఇక్కడి ఫిట్జ్ డిసౌజా ఉన్నారు. ఎమర్జెన్సీలో ప్రభుత్వం వైపు పనిచేసిన ఏషియన్లూ ఉన్నారనుకోండి, అదీ దాచక్కర్లేదు.

మా కింది ఫ్లోర్‌లో ఒక షోషో ఉంటుంది, అంటే మనం అమ్మమ్మ అన్నట్టు. ఎమర్జెన్సీ నాటికి చిన్నపిల్ల. ఏళ్ళ తరబడి పలకరింపులు, చపాతీల ఇచ్చిపుచ్చుకోవడాలు అయ్యాక ఒకసారి తనే ఎత్తింది. ఊరి చుట్టూ కందకం తవ్వించారట, వాళ్ళమ్మ కూడా తవ్విందట. ఎంత లోతు అంటే మనవడిని పిలిచి పక్కన నిలబెట్టి, వాడి తల మీద ఇంకా రెండు జానలు కొలిచి చూపించింది. అడుగున వెదురు బొంగులు చెక్కి నిలబెట్టారని చేతివేళ్ళు పైకి పెట్టి చూపించింది. ఆ తర్వాత టీలో చక్కెర తక్కువైందంటూ లేచిపోయింది. మీ అమ్మాయి ఎవరినైనా అలా అడగాలనుకుంటే ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి మొదలెట్టొద్దని చెప్పండి. ముందు ఇంట్లోవాళ్ళ అనుమతి, తర్వాత పెద్దావిడ ఇష్టం.

ప్రాజెక్టుకి నా సలహా హోలా. 1959 మార్చి 3న హోలా క్యాంపులో, పనికి ఒప్పుకోని ఖైదీలను వార్డర్లు కొట్టిన దెబ్బలకు 11 మంది చనిపోయారు. బండి మీద తెచ్చిన నీళ్ళు తాగాక చనిపోయారని ప్రభుత్వం మొదట ప్రకటించింది. పోస్ట్‌మార్టంలో దెబ్బలు తేలాయి. జులైలో బ్రిటన్ పార్లమెంటులో పెద్ద చర్చ జరిగింది, పాలకపక్షం సభ్యుడు ఈనక్ పవెల్ సొంత ప్రభుత్వాన్నే కడిగేశాడు. మార్చి ప్రకటనకీ జులై చర్చకీ మధ్య మాట ఎలా మారుతూ వచ్చిందో చూస్తే చాలు, ప్రాజెక్టు చేతికొచ్చినట్టే. బ్రిటన్ పార్లమెంటు చర్చలన్నీ హాన్సార్డ్ సైట్‌లో ఉచితం. ఆ ఐదుగురి దావాలో వచ్చిన 2011, 2012 తీర్పులూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. హాన్‌స్లోప్ ఫైళ్ళు ఇప్పుడు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎఫ్‌సీఓ 141 అనే వరుసలో ఉన్నాయి, కేటలాగ్ ఇంటి నుంచే వెతకొచ్చు.

కెన్యా నేషనల్ ఆర్కైవ్స్‌కి కూడా ఒకసారి తీసుకెళ్ళండి. మోయి అవెన్యూలో ఉన్న ఆ బిల్డింగ్ ఒకప్పుడు నేషనల్ బ్యాంక్ ఆఫ్ ఇండియాది. కింద గ్యాలరీలో జోసెఫ్ మురుంబి సేకరణ ఉంటుంది. తండ్రి గోవా వ్యాపారి, తల్లి మాసాయి, ఆయన ఈ దేశానికి వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఫైళ్ళు చూడాలంటే పైన పేరు నమోదు చేయించుకోవాలి, స్కూలు నుంచి ఒక ఉత్తరం పట్టుకెళ్తే పని తేలికవుతుంది. ఆ చుట్టుపక్కల రద్దీ ఎక్కువ, ఫోన్ చేతిలో పట్టుకుని నడవకండి. అక్టోబరు 20న మాత్రం పెట్టుకోవద్దు. ఎమర్జెన్సీ మొదలైన ఆ రోజునే ఇప్పుడు మషుజా డే, వీరుల దినం, దేశమంతా సెలవు.